రొయ్యపిల్లకు ఉన్న పరీక్ష వరికి వద్దా?

దివిసీమలో, నాగాయలంకలోనో కోడూరులోనో చెరువు వేసే రొయ్యరైతు ఇవాళ పీసీఆర్ రిపోర్టు చూడకుండా సీడ్ వదలడు. హేచరీలో పిల్లలు ప్యాకింగ్‌కు రాకముందే నమూనా ల్యాబుకు వెళ్తుంది. తెల్లమచ్చ వైరస్ ఉందా, ఈహెచ్‌పీ పరాన్నజీవి ఉందా అని జన్యుపదార్థాన్నే వెతికి చూస్తారు. నెగెటివ్ అని తేలాకే బేరం ఖాయం. ఆ వనామీ రకం పిల్లల తల్లిరొయ్యలకూ పరీక్ష తప్పదు. హవాయి, ఫ్లోరిడా వంటి చోట్ల నుంచి విమానంలో చెన్నై చేరి, అక్కడి క్వారంటైన్ కేంద్రంలో వైరస్‌లు లేవని రుజువయ్యాకే అవి హేచరీలకు వస్తాయి. ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. 1994-95లో తెల్లమచ్చ తూర్పు తీరమంతటా టైగర్ రొయ్యను ఊడ్చిపెట్టింది. అప్పు తెచ్చి చెరువులు తవ్వించినవాళ్లు చూస్తుండగానే దివాలా తీశారు. దివిసీమకు పరీక్ష విలువ తెలిసొచ్చింది ఆ నష్టంతోనే.

ఆ చెరువుగట్టు అవతలి ఉప్పునేలకు ఇప్పుడొక కొత్త వరి సిద్ధమవుతోంది. అది జన్యువును సవరించి తయారుచేసిన వరి. దాన్ని ఎవరు పరీక్షించారు, ఏ నేలలో పరీక్షించారు, ఆ లెక్కలు మామూలు రైతు చూడగలడా అని అడిగితే, రొయ్యపిల్ల విషయంలో దొరికినంత స్పష్టమైన జవాబు దొరకడం లేదు.

2025 మే 4న ఢిల్లీలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ రెండు జీనోమ్ ఎడిటెడ్ వరి వంగడాలను ప్రకటించారు. ఒకటి డీఆర్ఆర్ ధాన్ 100. దానికి ‘కమల’ అని పేరు పెట్టారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధనా సంస్థ దాన్ని సాంబ మసూరి నుంచి తీసింది. రెండోది పూసా డీఎస్టీ రైస్ 1. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ దాన్ని కాటన్‌దొర సన్నాలు నుంచి తీసింది. రెండింటి పుట్టిల్లూ ఆంధ్ర డెల్టాలే. సాంబ మసూరి, అంటే రైతులు బీపీటీ అని పిలిచే 5204, 1986లో బాపట్ల నుంచి వచ్చింది. కాటన్‌దొర సన్నాలు, అంటే ఎంటీయూ 1010, మార్టేరు బిడ్డ. ఇక్కడ పుట్టి, ల్యాబుకు వెళ్లి, మార్పుతో తిరిగి వస్తున్న ఈ వరి గురించి అడిగే హక్కు ఈ డెల్టాకు అందరికంటే ఎక్కువే ఉంది.

ప్రభుత్వం ఇచ్చిన అంకెల్ని బస్తాల్లోకి మార్చి చూద్దాం. కమల హెక్టారుకు సగటున 5.37 టన్నులు పండిందని, సాంబ మసూరి 4.5 టన్నులు పండిందని ప్రకటన. 75 కిలోల లెక్కన ఎకరాకు 24 బస్తాల చోట 29 బస్తాలు. పైగా 20 రోజులు ముందే కోతకు వస్తుందంటున్నారు. కాలువ నీళ్లు ఆలస్యమై ఊడ్పులు వెనకబడే ఏడాది, వరి కోతకు ముందు చేలోనే మినుము చల్లుకునే రైతుకు 20 రోజులంటే మాటలు కాదు. మినుము వెనకబడితే దిగుబడి పడిపోతుంది, పల్లాకు తెగులు సంగతి సరేసరి. తెల్లదోమ మోసుకొచ్చే ఆ వైరస్‌ను తట్టుకునే జీబీజీ 1 మినుమును పక్కనే ఉన్న ఘంటసాల పరిశోధనా స్థానం పాత పద్ధతిలోనే, రకాలను కలిపి, ఏరి తీసింది. వైరస్‌ను ఎదుర్కోవడానికి అన్నిసార్లూ జన్యువులకు కత్తెర పట్టనక్కర్లేదని చెప్పడానికి ఘంటసాల ఒక మంచి సాక్ష్యం.

దివిసీమకు సూటిగా తగిలేది రెండో వంగడం. తీరప్రాంతపు ఉప్పునేలల్లో పూసా డీఎస్టీ హెక్టారుకు 2,493 కిలోలు ఇచ్చిందని, తల్లి వంగడం 1,912 కిలోలే ఇచ్చిందని చెప్పారు. 30 శాతం ఎక్కువ అంటే చెవికి ఘనంగా ఉంటుంది. ఎకరాకు లెక్కేస్తే పది బస్తాల పైచిలుకు చోట పదమూడున్నర బస్తాలు, అంటే తేడా మూడు బస్తాలు. కౌలు కూడా బస్తాల్లోనే కొలిచే ఈ ప్రాంతంలో మూడు బస్తాలు చిన్నవేం కావు. ఆ మూడు బస్తాలు నిజంగా వస్తే కౌలురైతుకు ఎరువుల బాకీలో కొంత తీరుతుంది. రాకపోతే ఏడాది పోతుంది. అందుకే ఆ లెక్క ఎలా వచ్చిందో తెలియాలి.

దివిసీమలో ఉప్పు కథ పాతది. కృష్ణ పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోట ఏర్పడిన లంక నేల ఇది. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చి పది వేలకు పైగా ప్రాణాలు తీసింది. సముద్రం వెనక్కి పోయినా పొలాల్లో ఉప్పు మిగిలింది. ఆ తర్వాత శివారు భూములకు కాలువ నీళ్లు అందని ఏళ్లు, బోరు వేస్తే పైకొచ్చే ఉప్పునీళ్లు, పక్కనున్న రొయ్యల చెరువు నుంచి ఊరే ఉప్పు, అన్నీ దానికి తోడయ్యాయి. సార్వాలో వానలు పడి కాలువ నిండుగా పారితే చేను నిలబడుతుంది. ఊడ్పులైన కొత్తలో వాన మొహం చాటేస్తే ఆకు కొసలు మాడి, మడి మధ్యలో చౌడు మచ్చలు తేలతాయి. ఈ కష్టం మీదే మచిలీపట్నం వ్యవసాయ పరిశోధనా స్థానం ఏళ్ల తరబడి పనిచేసింది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద నడిచే ఆ స్థానం నుంచి ఎంసీఎం 100, ఎంసీఎం 101, ఎంసీఎం 103 వంటి ఉప్పు తట్టుకునే రకాలు వచ్చాయి.

అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. ఢిల్లీ ప్రకటించిన 30 శాతం ఆధిక్యం కాటన్‌దొర సన్నాలుతో పోల్చినప్పటిది. కాటన్‌దొర సన్నాలును ఎవరూ ఉప్పునేల కోసం తీయలేదు. కోడూరు రైతుకు ఆ పోలికతో పనిలేదు. అతనికి కావలసింది ఒకే మడిలో ఒక పక్క పూసా డీఎస్టీ, ఇంకో పక్క ఎంసీఎం 103 వేస్తే ఏది ఎంత పండుతుందన్న లెక్క. ఆ నేలలో ఉప్పు ఎంతుందో కొలిచి, నీళ్లు ఎప్పుడు పెట్టారో రాసి, ఊరి రైతులు చూస్తుండగా నూర్చి, తూచి చెప్పిన లెక్క. అలాంటిది దివిసీమ రైతు చేతికి ఇంతవరకూ రాలేదు.

2025 అక్టోబర్‌లో ‘కొయలిషన్ ఫర్ ఎ జీఎం ఫ్రీ ఇండియా’ అనే వేదిక ఒక తీవ్రమైన ఆరోపణ చేసింది. అఖిల భారత వరి సమన్వయ పథకం సొంత నివేదికల్లోని అంకెలే ఈ వంగడాల గొప్పను నిలబెట్టడం లేదన్నది దాని సారం. భారత వ్యవసాయ పరిశోధనా మండలి ఆ ఆరోపణను తోసిపుచ్చింది. ఇలాంటి గొడవను పత్రికా ప్రకటనలతో తేల్చలేం. ప్రతి కేంద్రంలో ప్రతి మడి దిగుబడినీ, నేల కొలతలతో సహా జనం ముందు పెడితే రెండు వారాల్లో తేలిపోయే విషయం ఇది.

ఈ వరిలో చేసిన మార్పు ఏమిటో కూడా పాఠకుడికి సూటిగా చెప్పాలి. బీటీ పత్తిలో ఒక బ్యాక్టీరియా జన్యువును తెచ్చి పెట్టారు. ఈ రెండు వరుల్లో అలా చేయలేదు. కమలలో గింజల సంఖ్యను అదుపులో పెట్టే జన్యువును, పూసా డీఎస్టీలో నీటి ఎద్దడినీ ఉప్పునూ తట్టుకునే శక్తికి అడ్డుపడే జన్యువును పనిచేయకుండా చేశారు. తుది మొక్కలో బయటి జీవి జన్యువు ఉండదు. ఇలాంటి మార్పు ప్రకృతిలోనూ జరగవచ్చు. రేడియేషన్‌తో జన్యువులను మార్చి తీసిన ట్రాంబే మినుము, పెసర రకాలను దేశం దశాబ్దాలుగా తింటోంది. కాబట్టి ఈ వరి పేరు వినగానే బెదిరిపోవడానికి శాస్త్రంలో ఆధారం లేదు.

బెదురు అక్కర్లేదు గాని పరీక్ష అక్కర్లేదనడం వేరే సంగతి. 2022 మార్చి 30న కేంద్ర పర్యావరణ శాఖ ఇలాంటి పంటలను 1989 నాటి జీవభద్రతా నిబంధనల్లో ముఖ్యమైన వాటి నుంచి, అంటే 7 నుంచి 11 వరకున్న నిబంధనల నుంచి మినహాయించింది. జన్యుమార్పిడి పంటలను జల్లెడ పట్టే జీఈఏసీ గడప ఇవి ఎక్కనక్కర్లేదు. మొక్కలో బయటి డీఎన్ఏ లేదని తేల్చే బాధ్యత, వంగడాన్ని తయారుచేసిన సంస్థలోని జీవభద్రతా కమిటీ మీదే ప్రధానంగా ఉంటుంది. కేంద్ర కమిటీ దాన్ని నమోదు చేసుకుంటుంది. ఆ కమిటీల్లోని శాస్త్రవేత్తల నిజాయితీని శంకించే పని లేదు. తన పేపరు తానే దిద్దుకునే విద్యార్థి ఎంత నిజాయితీపరుడైనా ఆ మార్కులు ఊరు నమ్మాలంటే ఇంకొకరు దిద్దాలి.

బీటీ వంకాయ నాడు ఈ పాఠం దేశం నేర్చుకుంది. 2009 అక్టోబర్ 14న జీఈఏసీ దానికి ఆమోదం తెలిపింది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో బహిరంగ సంప్రదింపులు జరిపి 2010 ఫిబ్రవరి 9న నిలుపుదల ప్రకటించారు. వద్దన్న రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. హైదరాబాద్‌లో జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీని స్థాపించిన పుష్ప మిత్ర భార్గవ, సుప్రీంకోర్టు ఆదేశంతో జీఈఏసీ సమావేశాల్లో కూర్చున్నారు. జన్యుశాస్త్రాన్ని తెలుగు నేల మీద నిలబెట్టిన మనిషే పరీక్షలు చాలలేదని గట్టిగా వాదించారు. చేయాల్సిన పరీక్షల్లో చాలావరకు జరగనే లేదని, జరిగినవి కూడా ఆ వంకాయను తయారుచేసిన కంపెనీ నమూనాల మీద ఆధారపడ్డాయని ఆయన అభ్యంతరం. ఆ వాదనతో విభేదించిన శాస్త్రవేత్తలు ఎందరో ఉన్నారు. అయితే కంపెనీ ఇచ్చిన భద్రతా వివరాలు జనానికి దొరకడానికి సమాచార హక్కు చట్టం కింద పోరాడాల్సి రావడం మాత్రం ఎవరూ సమర్థించలేని విషయం.

అప్పటికే 2008లో భారత వైద్య పరిశోధనా మండలి జన్యుమార్పిడి ఆహారానికి మార్గదర్శకాలు ఇచ్చింది. కొత్త ప్రొటీన్ ఎలర్జీ తెస్తుందా, విషలక్షణం ఉందా, పోషకాల పాళ్లు మారాయా, ఎలుకలకు 90 రోజులు పెడితే ఏమవుతుంది వంటివన్నీ అందులో ఉన్నాయి. జన్యు సవరణ వరికి ఈ జాబితా మొత్తం అవసరం లేకపోవచ్చు, ఎందుకంటే అందులో కొత్త ప్రొటీన్‌ను చేర్చలేదు. పోషకాల పట్టిక మాత్రం అవసరమే. రోజుకు మూడు పూటలు అన్నం తినే కృష్ణా జిల్లాకు కమల బియ్యంలో ఇనుము ఎంత, జింకు ఎంత, తిన్నాక రక్తంలో చక్కెర ఎంత పెరుగుతుందన్నది దిగుబడి అంత ముఖ్యమైన సంగతి. సాంబ మసూరికే ఇంకో కూతురుంది. సీసీఎంబీ, వరి పరిశోధనా సంస్థ కలిసి ఎండాకు తెగులును తట్టుకునేలా మామూలు సంకరంతో తీసిన మెరుగైన సాంబ మసూరి. దాని గ్లైసీమిక్ ఇండెక్స్ 51 దగ్గర ఉందని పరీక్షించి చెప్పారు. అక్కకు చేసిన పరీక్షే చెల్లెలికీ చేసి చెప్పమనడం అతిగా అడగడమేమీ కాదు.

జీఎం (జన్యుమార్పిడి) పదార్థాలు డెల్టా కంచం దగ్గరికి ఇప్పటికే వచ్చాయి. 2002 నుంచి దేశంలో పండుతున్న బీటీ పత్తి గింజల నూనె వంటల్లో వాడుతున్నారు, చెక్క పశువులకు పెడుతున్నారు. 2021 ఆగస్టులో కోళ్ల దాణా ధరలు మండిపోయినప్పుడు కేంద్రం 12 లక్షల టన్నుల జీఎం సోయా చెక్క దిగుమతికి అనుమతిచ్చింది. ఆ మేత తిన్న కోడి గుడ్డులోకీ మాంసంలోకీ ఆ జన్యువు చేరినట్టు ఐరోపా ఆహార భద్రతా సంస్థ సమీక్షల్లో తేలలేదు. అంతర్జాతీయ మార్కెట్‌లో ఉన్న జీఎం ఆహారాలు పరీక్షలు దాటినవేనని, ముప్పు ఉండే అవకాశం తక్కువని, ఒక్కో పంటను విడివిడిగా చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. విడివిడిగా చూడాలన్న ఆ చివరి మాటే ఇక్కడ కీలకం.

పరీక్ష లేకపోతే నష్టం ఒంటికే కాదు, బేరానికీ తగులుతుంది. 2006లో అనుమతి లేని ఒక జీఎం వరి అమెరికా బియ్యంలో కలిసిందని బయటపడింది. జపాన్, ఐరోపా తలుపులు మూసుకున్నాయి. చివరికి 2011లో ఆ వరికి బాధ్యత వహించాల్సిన కంపెనీ రైతులకు 75 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. 2021లో భారత్ నుంచి వెళ్లిన నూకలతో చేసిన పిండిలో జీఎం వరి ఆనవాళ్లున్నాయని ఫ్రాన్స్ ఐరోపాను హెచ్చరించింది. ఇక్కడ జీఎం వరి వాణిజ్య సాగే లేదని భారత్ జవాబిచ్చింది. గుడివాడ మిల్లుల నుంచి కాకినాడ రేవు దాకా బియ్యం మీద బతికే వేల కుటుంబాలకు ఇలాంటి ఒక్క హెచ్చరిక చాలు, సీజను పోవడానికి. ఐరోపా న్యాయస్థానం 2018 జులైలో జన్యు సవరణ పంటలను కూడా జీఎం కిందే లెక్కగట్టిందని గుర్తుంచుకోవాలి.

ల్యాబులో జీఎం ఆహారాన్ని ఎలా పట్టుకుంటారో చూస్తే సవరణ వరితో వచ్చే చిక్కు అర్థమవుతుంది. చాలా జీఎం పంటల్లో, తెచ్చిపెట్టిన జన్యువును పనిచేయించడానికి 35ఎస్ అనే చిన్న ముక్కను వాడతారు. అది కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్ నుంచి తీసుకున్నది. పీసీఆర్ యంత్రం మొదట వెతికేది దాన్నే. తిండిలో వైరస్ ముక్క అనేసరికి కొందరు హడలిపోయారు. ఆ వైరస్ మొక్కలకే సోకుతుంది. తెగులు సోకిన క్యాబేజీ, కాలీఫ్లవర్‌లతో పాటు మనుషులు దాన్ని ఎప్పటినుంచో తింటూనే ఉన్నారు. కమలలో, పూసా డీఎస్టీలో ఈ ముక్క ఉండదు కాబట్టి మామూలు జీఎం పరీక్షకు అవి దొరకవు. ఏ చోట ఏ అక్షరం మారిందో ఆ సంస్థలు బయటపెడితే, దాని కోసం ప్రత్యేకంగా పీసీఆర్ తయారుచేసుకోవచ్చు. రొయ్య సీడ్ కోసం ఈ జిల్లాలో నడుస్తున్న ల్యాబులకు ఆ యంత్రాలు కొత్తేమీ కాదు.

ఇదంతా కొత్త తిండి మీద భయం గురించి. తిండి మీద పెట్టుకునే అతి నమ్మకం కూడా అంతే పరీక్షకు నిలబడాలి. రొయ్య చెరువులో ఇదీ కనిపిస్తుంది. రోగనిరోధక శక్తి పెంచుతాయంటూ విటమిన్ సి, బీటా గ్లూకాన్ పొడులు మేతలో కలపమని అమ్ముతారు. తొట్టెల్లో చేసిన కొన్ని ప్రయోగాల్లో వాటితో కొంత మేలు కనిపించింది. కానీ తెల్లమచ్చ ఒకసారి చెరువులో దిగాక ఏ పొడీ ఆపలేదని రైతుకు చేతి డబ్బు పోగొట్టుకున్నాక తెలిసింది.

మనుషుల దగ్గర ఇదే కథ ఇంకా పెద్దగా నడిచింది. 2020 ఫిబ్రవరిలో కోడి తింటే కరోనా వస్తుందన్న పుకారుకు కోళ్ల రైతులు కుదేలయ్యారు. జనం భయం తీర్చడానికి తెలంగాణ మంత్రులు హైదరాబాద్‌లో వేదికెక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. కొన్ని వారాలు తిరిగేసరికి, గుడ్డు తింటే కరోనా దరిచేరదన్న ప్రచారం మొదలైంది. రెండింటికీ ఆధారం లేదు. 2021 మేలో, కరోనాను తగ్గిస్తుందన్న కృష్ణపట్నం నాటుమందు కోసం జనం దూరాభారం లెక్కచేయక పరుగెత్తారు. హాని లేదన్న నివేదిక వచ్చాక ప్రభుత్వం పంపిణీకి అనుమతిచ్చింది గాని, హాని లేకపోవడానికీ జబ్బు తగ్గడానికీ మధ్య ఉన్న దూరాన్ని కొలిచే పరీక్ష జరగలేదు. 2025 మార్చిలో పల్నాడులో రెండేళ్ల పాప బర్డ్‌ఫ్లూతో చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందని విచారణలో తేలింది. కోడి కూర మానాల్సిన పని లేదు. బాగా ఉడికించాలి, పచ్చి మాంసం పిల్లల చేతికి అందనివ్వకూడదు. పుకార్ల హోరులో ఈ చిన్న మాటే జనానికి చేరలేదు.

డెంగీ సీజన్‌లో బందరు వీధుల్లో బొప్పాయి ఆకుకు గిరాకీ పెరుగుతుంది. మలేసియాలో 228 మంది రోగులతో చేసి 2013లో ప్రచురించిన ప్రయోగంలో ఆ ఆకు రసంతో ప్లేట్‌లెట్లు కొంత త్వరగా పెరిగాయి. మరణాలు తగ్గాయని ఇంతవరకు రుజువు కాలేదు. డెంగీలో ప్రాణం తీసేది ప్రధానంగా రక్తనాళాల నుంచి ద్రవం కారిపోయి వచ్చే షాక్. ఆకు రసం మీద భరోసాతో, ఆగని వాంతులనూ కడుపునొప్పినీ మూత్రం తగ్గడాన్నీ పట్టించుకోకుండా ఇంట్లోనే ఉండిపోతే ప్రమాదం. ఇదే బొప్పాయికి జీఎం కథలోనూ చోటుంది. రింగ్‌స్పాట్ వైరస్‌తో హవాయి తోటలు నాశనమవుతుంటే, ఆ వైరస్ పైపొర జన్యువునే మొక్కలో పెట్టి తీసిన ‘రెయిన్‌బో’ బొప్పాయిని 1998లో రైతులకిచ్చారు. తోటలు నిలబడ్డాయి. జపాన్ మాత్రం తన పరీక్షలు తాను పూర్తిచేసుకుని 2011లో గాని దాన్ని రానివ్వలేదు. అంతవరకు ఆగినందుకు జపాన్‌ను ఎవరూ శాస్త్ర విరోధి అనలేదు.

మరి వైరస్ జబ్బుల్లో తిండికి పాత్రే లేదా? ఉంది. దానికి గట్టి రుజువు తట్టులో దొరుకుతుంది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో తట్టు ముదిరి ఆస్పత్రిలో చేరిన 189 మంది పిల్లల్లో సగం మందికి విటమిన్ ఎ ఇచ్చారు. 1990లో వచ్చిన ఆ ఫలితాల్లో 12 మరణాలుంటే, పది విటమిన్ అందని వైపే జరిగాయి. తట్టు సోకిన ప్రతి బిడ్డకూ వరసగా రెండు రోజులు విటమిన్ ఎ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది ఇలాంటి ఆధారాలతోనే.

ఆరోగ్యంగా ఉన్న పిల్లలందరికీ విటమిన్ ఎ పోస్తే మరణాలు తగ్గుతాయా అన్నది వేరే ప్రశ్న. దాని జవాబు పరీక్ష పరీక్షకీ మారింది. ఇండోనేసియాలో మూడో వంతు తగ్గాయన్నారు. 1990లోనే తమిళనాడులో వారం వారం చిన్న మోతాదులిచ్చి సగానికి పైగా తగ్గాయన్నారు. అదే ఏడాది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ తన ప్రయోగంలో తేడా ఏమీ కనబడలేదని ప్రకటించింది. దేశంలో విటమిన్ ఎ చుక్కల పథకానికి ఊపిరి పోసింది ఈ సంస్థ పరిశోధనే. అయినా తన పథకానికి అనుకూలంగా లేని ఫలితాన్ని దాచుకోలేదు, లాన్సెట్‌లో అచ్చువేసింది. ఉత్తరప్రదేశ్‌లో పది లక్షల మంది పిల్లల మీద చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలోనూ తేడా నామమాత్రమే. జన్యు సవరణ వరి విషయంలో ఈ దేశం చూడాలనుకునేది ఆ పోషకాహార సంస్థ చూపిన నిజాయితీనే. నచ్చని అంకె వచ్చినా బయటపెట్టడం.

పల్లెల్లో తట్టు, ఆటలమ్మ వచ్చిన బిడ్డకు నీచు, నూనె, పప్పు మాన్పించి చారన్నంతో నెట్టుకొచ్చే పథ్యం ఇంకా ఉంది. తట్టు ఒంట్లోని విటమిన్ ఎ నిల్వలను పీల్చేస్తుంది. సరిగ్గా అప్పుడే గుడ్డు, పాలు, ఆకుకూర ఆపేస్తే కళ్లకు, ఊపిరితిత్తులకు ముప్పు పెరుగుతుంది. అలాగని తిండో విటమినో టీకాకు బదులు కాజాలవు. 2025లో అమెరికాలోని టెక్సాస్‌లో తట్టు వ్యాపించినప్పుడు ఆస్పత్రిలో చేరిన పిల్లల్లో, విటమిన్ ఎ ఎక్కువెక్కువ పోసిన కొందరికి కాలేయం దెబ్బతిన్న ఆనవాళ్లు కనిపించాయి. టీకా వేయించాలి. జబ్బు చేస్తే డాక్టరు చెప్పిన మోతాదులో విటమిన్ ఇవ్వాలి. కడుపు మాడ్చకూడదు.

రేషన్ బియ్యంలో వందకు ఒకటి చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన గింజలు కలిపి ఇవ్వడం మొదలైనప్పుడు చాలా ఊళ్లలో ‘ప్లాస్టిక్ బియ్యం’ అన్న కేకలు పుట్టాయి. తెల్లగా, వేరుగా కనిపించే ఆ గింజలను ఏరి పారేసిన ఇళ్లున్నాయి. సంచీ ఇచ్చేనాడే ఇదేమిటో చెప్పి ఉంటే ఆ గొడవే ఉండేది కాదు. కొత్త వరికి ఆ గతి పట్టకూడదంటే ముందే నోరు విప్పాలి.

చేయాల్సిన పని మచిలీపట్నంలోనే మొదలుపెట్టవచ్చు. వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండు సార్వాల పాటు నాగాయలంక, కోడూరు, బందరు మండలాల రైతుల పొలాల్లో ఎంసీఎం రకాల పక్కనే పూసా డీఎస్టీని వేయాలి. గుడివాడ వైపు మంచి నేలల్లో సాంబ మసూరి పక్కన కమలను వేసి, దాని తర్వాత మినుము ఎలా వచ్చిందో కూడా చూడాలి. కోత రోజు రైతులను పిలిచి తూకం వేయాలి. మడి మడి లెక్క తెలుగులో అచ్చేసి రైతు సేవా కేంద్రాల గోడల మీద అంటించాలి. బియ్యాన్ని జాతీయ పోషకాహార సంస్థకు పంపి పోషకాల పట్టిక తెప్పించాలి. మార్చిన జన్యువు వివరం, దాన్ని గుర్తించే పీసీఆర్ పద్ధతి బహిరంగంగా ఉంచాలి. ఈ సాంకేతికత మీద పేటెంట్లు ఎవరివో, రైతు విత్తనం దాచుకుని తిరిగి వేసుకోవచ్చో లేదో విత్తనం సంచి మీదే రాయాలి. 2023లో మొదలైన మచిలీపట్నం ప్రభుత్వ వైద్య కళాశాల జిల్లాలో జ్వరాలకు పాటించే పథ్యాలను నమోదు చేసి, ఏది మేలో ఏది కీడో అంగన్‌వాడీలకు, ఆశా కార్యకర్తలకు చెప్పే పని ఎత్తుకోవాలి.

దివిసీమ రైతులకు ఒక విన్నపం. రేపు ఎవరైనా ఈ వరి విత్తనం తెచ్చి ఉప్పునేలలో బంగారం పండుతుందని చెబితే, ఏ ఊరి పొలంలో, ఏ రకం పక్కన, ఎన్ని బస్తాలు వచ్చాయో కాగితం మీద చూపించమనండి. చూపించాకే నారుమడి పోయండి.